కర్పూరం మాయమైతే లోపల ఏం తెగింది?

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం ఇంటర్ పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, కొందరు టీచర్లు కూర్చున్న చోట ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ చెప్పిన మాటలు. రికార్డింగ్ విని టైప్ చేశాం, ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. ఫ్యాన్ కింద చోటు దొరకనివాళ్ళు ఇటు ముందుకొచ్చేయండి, ముందు వరస ఎలాగూ ఖాళీయే, మన ఊళ్ళో ఏ మీటింగుకెళ్ళినా ముందు వరస ఖాళీగానే ఉంటుంది. వెనక మైకు వినబడుతోందా? సరే.

టేబుల్ మీద కొన్ని సామాన్లు పెట్టాను. కర్పూరం బిళ్ళల డబ్బా, సైంధవ లవణం ముక్కొకటి, పెన్సిలు, రాగి తీగ, గుప్పెడు కృష్ణ ఇసక. వజ్రం కూడా పెడదామనుకున్నా గానీ మా ఆవిడ ముక్కుపుడక ఇవ్వనంది. (నవ్వులు)

ముందు ఇంటర్ పిల్లల్ని ఒక మాట అడుగుతాను. కోవలెంట్ పదార్థాలు, అంటే ఆటమ్స్ ఎలక్ట్రాన్లని పంచుకుని బంధం కట్టుకున్నవి, వాటి మెల్టింగ్ పాయింట్ ఎక్కువా తక్కువా? ("తక్కువ సార్!") చూశారా, అందరూ ఒకే గొంతుతో చెప్పారు. బిట్ బ్యాంకులో అలాగే ఉంటుంది, టిక్ పెడితే మార్కు వస్తుంది, కాదనను. మరి వజ్రం కోవలెంటే కదమ్మా? ("అది ఎక్సెప్షన్ సార్.") ఇసక? ("అదీ ఎక్సెప్షనే.") ఇన్ని ఎక్సెప్షన్లు పెట్టుకుంటూ పోతున్నామంటే రూలే సరిగ్గా లేదని కదా అర్థం. అన్నేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఈ ఒక్క లైను పిల్లల బుర్రల్లోంచి తీయడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

ఈ కర్పూరం చూడండి. డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే నెల తిరిగేసరికి బిళ్ళ సగమైపోతుంది. కరగలేదు, తడి లేదు, ఎవరూ తీయలేదు, ఏమైపోయింది? గాల్లో కలిసిపోయింది, ఆ వాసనే అది. కర్పూరం మాలిక్యూల్లో పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉంటాయి, వాటి మధ్య ఉన్నవన్నీ గట్టి కోవలెంట్ బంధాలే, అందులో ఉన్న కార్బన్-కార్బన్ బంధం వజ్రంలో ఉన్న కార్బన్-కార్బన్ బంధం కంటే బలహీనమేం కాదు, రెండూ మోల్‌కి (డజను లాగా, ఆటమ్స్‌ని లెక్కపెట్టే కొలత) సుమారు 350 కిలోజౌల్స్ లెక్కే. మరి ఒకటి డబ్బాలోంచి జారుకుంటుంది, ఇంకోటి కోట్ల ఏళ్ళు భూమిలో చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎందుకు? ఎందుకంటే కర్పూరం ఆవిరైనప్పుడు ఆ బంధాల్లో ఒక్కటి కూడా తెగలేదు కాబట్టి. మీ ముక్కుకి చేరింది చెక్కుచెదరని కర్పూరం మాలిక్యూలే. తెగిందల్లా మాలిక్యూల్‌కీ పక్క మాలిక్యూల్‌కీ మధ్య ఉన్న కాస్త ఆకర్షణ, వాన్ డర్ వాల్స్ బలాలంటాం, అంతే.

ఇవాళ నేను చెప్పదల్చుకున్నది ఇదొక్కటేనండి. ఒక ఘనపదార్థం కరిగినా, విరిగినా, వంగినా, అరిగినా, "ఇందులో ఏ బంధం ఉంది" అని అడక్కండి, "ఇప్పుడు ఏది తెగింది" అని అడగండి. ఒకే వస్తువులో నాలుగు రకాల పట్లు ఉండొచ్చు, తెగేది మాత్రం ముందుగా వాటిలో బలహీనమైనదే.

ఇప్పుడు ఉప్పు దగ్గరికి వద్దాం, దీని దగ్గర కాసేపు ఆగుదాం. దిష్టి తీసి కళ్ళుప్పు నిప్పుల్లో వేస్తారు కదా, చిటపటలాడుతుంది, "అబ్బ ఎంత దిష్టి తగిలిందో" అంటారు మన పెద్దాళ్ళు. దిష్టి సంగతి నేను మాట్లాడను, నాకు ఇంట్లో గొడవలొద్దు. (నవ్వులు) చిటపట సంగతి మాత్రం చెప్తాను. మన చినగంజాం వైపు ఉప్పు మడుల్లో సముద్రపు నీళ్ళు ఎండి స్ఫటికం కట్టేటప్పుడు ఆ స్ఫటికం లోపల చిన్న చిన్న గదుల్లాంటి ఖాళీల్లో ఉప్పునీరు ఇరుక్కుపోతుంది, నిప్పుల్లో పడగానే ఆ నీరు ఆవిరై బయటికి రావాలని తోస్తుంది, దారి లేదు, ఉప్పేమో సాగదు, వంగదు, అందుకని ఠప్పున పగులుతుంది. అదే ఖాళీలో నీళ్ళున్న సీసం ముక్క అయితే ఉబ్బేది, ఉప్పు ఉబ్బదు.

ఎందుకు ఉబ్బదు అంటే, ఉప్పులో మాలిక్యూల్ అనేదే లేదు. ఒక సోడియం అయాన్, అంటే ప్లస్ చార్జి ఉన్న సోడియం ఆటమ్, దాని చుట్టూ మైనస్ చార్జి ఉన్న ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, ఇలా ముక్క అంచుదాకా అదే వరస. ఇది 1913లో ఎక్స్‌రేలతో తేల్చారు లారెన్స్ బ్రాగ్, వాళ్ళ నాన్నగారు విలియం బ్రాగ్‌తో కలిసి 1915లో నోబెల్ తీసుకునేనాటికి లారెన్స్‌కి పాతికేళ్ళు. తమాషా ఏంటంటే పెద్ద పెద్ద కెమిస్టులు దీన్ని ఒప్పుకోలేదు, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని ఇంగ్లాండులో పేరున్న పెద్దాయన 1927లో, అంటే పద్నాలుగేళ్ళ తర్వాత కూడా, నేచర్ పత్రికకి ఉత్తరం రాశాడు, సోడియం, క్లోరిన్ చదరంగం గళ్ళలా అమరి ఉన్నాయంటారేంటి, ఇంగితజ్ఞానం ఉందా అన్న ధోరణిలో. ఆయన కోపం నాకు అర్థమవుతుంది, జీవితమంతా NaCl అని రాసిన చెయ్యి కదా, అలాంటి జంటే లేదంటే మండదా మరి.

ఇదిగో ఈ సైంధవ లవణం ముక్క మీద బ్లేడు అంచు ఇలా ఆనించి, దాని మీద చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేస్తాను. (శబ్దం) పాస్ చేస్తున్నా, ముందు వరస నుంచి వెనక్కి పంపండి, భూతద్దం కూడా ఇస్తున్నా. విరిగిన ముఖం అద్దంలా సమంగా ఉంది, పక్క ముఖంతో లంబకోణంలో ఉంది, నలిగిన పొడిలో కూడా ప్రతి రవ్వకీ చదరపు మూలలు కనబడతాయి. ఒక పొర ఒక్క అయాన్ దూరం పక్కకి జరిగిందనుకోండి, అప్పటిదాకా ప్లస్ ఎదురుగా మైనస్ ఉన్నది కాస్తా ప్లస్ ఎదురుగా ప్లస్, మైనస్ ఎదురుగా మైనస్ వచ్చేస్తాయి, ఆకర్షించుకున్నవే ఒక్కసారిగా నెట్టుకుంటాయి, రెండు ముక్కలవుతుంది. అంటే ఉప్పు పెళుసుగా ఉండటానికి కారణం బంధం బలహీనం కావడం కాదు, ఆ బంధానికి చోటు మార్చుకునే వెసులుబాటు లేకపోవడం.

బలం తక్కువేం కాదు, 801 డిగ్రీలు కావాలి కరగడానికి, మీ స్టవ్ మీద మూకుడులో చక్కెర సుమారు 185 దగ్గర కరిగి పాకమై మాడిపోతుంది, ఉప్పు మాత్రం అలాగే చూస్తుంటుంది. ఉప్పులో ఒక్కో అయాన్‌కీ ఒకే చార్జి. అదే అమరికలో సోడియం బదులు మెగ్నీషియం, క్లోరిన్ బదులు ఆక్సిజన్ పెట్టండి, చార్జీలు రెండు రెండు అయ్యాయి, దూరం కూడా తగ్గింది, మెగ్నీషియా అంటాం దాన్ని, మెల్టింగ్ పాయింట్ 2,800 దాటిపోతుంది. ఉక్కు కరిగించే కొలుముల లోపల గోడలకి ఈ మెగ్నీషియా ఇటుకలే వాడతారు.

("సార్, 801 డిగ్రీలు కావాలంటున్నారు, మరి మామూలు నీళ్ళలో ఎలా కలిసిపోతుంది?")

బాగా అడిగావు బాబూ. మోల్ ఉప్పుని అయాన్లుగా విడదీయాలంటే సుమారు 787 కిలోజౌల్స్ ఖర్చు. నీళ్ళలో ఆ ఖర్చు వేడి పెట్టుకోదు, నీటి మాలిక్యూల్సే పెట్టుకుంటాయి. నీటికి ఒక వైపు కొంచెం ప్లస్, ఒక వైపు కొంచెం మైనస్ ఉంది కదా, విడిపోయిన ప్రతి అయాన్ చుట్టూ అవి మూగుతాయి, అలా మూగినప్పుడు వచ్చే శక్తి దాదాపు ఈ ఖర్చుకి సరిపోతుంది. ఆ కాస్త లోటు నీటి వేడిలోంచే పోతుంది, అందుకే ఉప్పు కలిపితే నీళ్ళు రవ్వంత చల్లబడతాయి. మెగ్నీషియా విషయంలో ఈ లెక్క కుదరదు, అది నీళ్ళలో దాదాపు కరగదు.

ఇక లోహాలు. ఈ రాగి తీగ చూడండి, వంచుతున్నా, మళ్ళీ సాపు చేస్తున్నా, పగలట్లేదు. లోహంలో బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క ఆటమ్ సొత్తూ కాదు, మొత్తం ముక్క అంతా తిరుగుతుంటాయి, పొర జరిగినా ఎదురుగా వచ్చేది మళ్ళీ అలాంటి ఆటమే, మధ్యలో అవే ఎలక్ట్రాన్లు, గొడవే లేదు. కరెంటు, వేడి రెండూ మోసేది ఆ ఎలక్ట్రాన్లే కాబట్టి కరెంటు బాగా పారే రాగి, వెండి వేడిని కూడా బాగా పారిస్తాయి. కరెంటు స్తంభం మీద తీగేమో లోహం, దాన్ని పట్టుకున్న పింగాణీ ఇన్సులేటర్లోనేమో ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో బందీ.

కానీ లోహం మెత్తగా ఉండటానికి అసలు కారణం చాలా పుస్తకాల్లో రాయరండి, అది నాకు చిరాకు. ఒక పొర మొత్తం ఒకేసారి జరగాలంటే ఎంత బలం కావాలో 1926లో ఫ్రెంకెల్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్క వేశాడు, నిజంగా స్వచ్ఛమైన లోహం వంగేది అందులో వెయ్యో వంతు బలానికే. ఇదేంటని అందరూ తల పట్టుకున్నారు. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి ముగ్గురూ ఎవరికి వాళ్ళే జవాబు కనిపెట్టారు. స్ఫటికంలో అక్కడక్కడా వరస తప్పిన గీతలుంటాయి, డిస్‌లొకేషన్లు అంటారు, పొర అంతా ఒకేసారి జరగదు, ఆ తప్పిన గీత దగ్గర ఒక వరస బంధాలు తెగి పక్కదానితో కలుస్తాయి, తర్వాత దాని పక్క వరస, అలా గీత ముక్క ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి వెళ్ళిపోతుంది. ఒక సమయంలో తెగేది ఒక్క వరసే. ఇక్కడ కూడా నా ప్రశ్న అదే చూడండి, ఏది తెగింది, ఎన్ని తెగాయి.

వన్‌టౌన్‌లో కంసాలి పని చూసినవాళ్ళుంటే తెలుస్తుంది, బంగారం తీగ లాగుతుంటే కాసేపటికి బిగుసుకుపోతుంది, ఇంకా లాగితే తెగుతుంది, అందుకని ఆపి, గొట్టంతో మంట ఊది ఎర్రగా కాల్చి, చల్లార్చి మళ్ళీ మొదలుపెడతాడు. లాగేకొద్దీ ఆ తప్పిన గీతలు లక్షల్లో పుట్టి ఒకదానికొకటి అడ్డం పడి చిక్కుపడతాయి, కదల్లేవు, అదే బిగుసుకోవడం. కాలిస్తే ఆటమ్స్ సర్దుకుని చిక్కులు చాలావరకు పోతాయి. మేలిమి బంగారాన్ని కొట్టుకుంటూ పోతే మిల్లీమీటర్లో పదివేలో వంతు మందం రేకు వస్తుంది, అంత మెత్తన, అందుకే దాంతో గాజులు చేయించుకుంటే నాలుగు రోజుల్లో సొట్టలు. 916 అని హాల్‌మార్క్ ఉండే 22 క్యారెట్లలో 91.6 శాతం బంగారం, మిగతా రాగి, వెండి. రాగి ఆటమ్ బంగారం ఆటమ్ కంటే చిన్నది, వరసలో అది ఎక్కడుంటే అక్కడ కాస్త నొక్కు పడుతుంది, ఆ నొక్కుల్లో గీతలు చిక్కుకుంటాయి, నగ గట్టిపడుతుంది. కాబట్టి షాపువాడు రాగి కలిపాడంటే అది మోసం కాదండి, లెక్క ప్రకారం కలిపితే. (నవ్వులు)

సరే, ఇప్పుడు మన జిల్లాల సొంత సబ్జెక్టు, కార్బన్. కొల్లూరు గని పేరు విన్నారుగా, ఉమ్మడి గుంటూరు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, కోహినూర్ అక్కడిదే అని చాలామంది చెప్తారు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి వచ్చి చూసి అక్కడ దాదాపు అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ళ కింద ఉంది. మన పక్కనే పరిటాల కూడా వజ్రాల ఊరే. ఈ పెన్సిల్లో ఉన్నదీ ఆ వజ్రమే, ఆటమ్స్ లెక్కలో. 1797లో స్మిత్‌సన్ టెనంట్ వజ్రాన్ని కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్ లెక్కకట్టి, ఇది బొగ్గు తప్ప ఇంకేం కాదని తేల్చాడు. ఖరీదైన ప్రయోగం.

వజ్రంలో ప్రతి కార్బన్‌కీ నాలుగు చేతులు, నాలుగూ నాలుగు దిక్కులా పక్క కార్బన్లని పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు ముక్క అంతా అదే. బలహీనమైన జాయింట్ అంటూ లేదు, కాబట్టి ఏం చేయాలన్నా 350 కిలోజౌల్స్ బంధాన్నే తెంచాలి. గ్రాఫైట్‌లో, అంటే ఈ పెన్సిల్ ములుకులో ఉన్న కార్బన్‌లో, మూడే చేతులు, అన్నీ ఒకే పొరలో, ఆ బంధాల పొడుగు 142 పికోమీటర్లే (పికోమీటరంటే మీటర్లో లక్ష కోట్లో వంతు), వజ్రంలో 154, అంటే గ్రాఫైట్‌లోవే పొట్టి, గట్టి. అవును, మీరు విన్నది కరెక్టే, పొర లోపల చూస్తే గ్రాఫైట్ బంధమే గట్టిది. కానీ పొరకీ పొరకీ దూరం 335, తమలపాకుల కట్ట లాగన్నమాట, ఆకు చించాలంటే చించాలి గానీ కట్టలోంచి జారడానికి ఏముంది. కాగితం మీద రాస్తే జారేది ఆ పొరలు. అదే గ్రాఫైట్‌ని వేడిచేసి ఆవిరి చేయాలంటే పొరలే చిరగాలి, మూడు వేల ఆరొందల డిగ్రీల దాకా పోవాలి, అందుకే ఉక్కు కరిగించే ఆర్క్ ఫర్నేసుల్లో ఎలక్ట్రోడులు గ్రాఫైట్‌వే పెడతారు. మెత్తనిది కూడా అదే, నిప్పుకి లొంగనిది కూడా అదే, ఎందుకంటే రెండు సందర్భాల్లో తెగేవి వేరు. మిగిలిన నాలుగో ఎలక్ట్రాన్ పొరంతా తిరుగుతుంది, కరెంటు పారుతుంది.

ఇక్కడొక చిన్న మెలిక ఉంది, చెప్పకుండా ఉండలేను. పొరల మధ్య బలహీనం కాబట్టి గ్రాఫైట్ జారుతుంది అని ఆగిపోతే సగం కథే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకి ఎగిరేసరికి జనరేటర్లలోని కార్బన్ బ్రష్‌లు విపరీతంగా అరిగిపోవడం మొదలైంది. అంత ఎత్తున గాలిలో తేమ లేదు. తేలిందేంటంటే గ్రాఫైట్ అంత బాగా జారడానికి గాలిలోని నీటి ఆవిరి కూడా సాయం చేస్తోంది, పొరల అంచుల్లో ఖాళీగా ఉండే బంధాలకి అది అతుక్కుని వాటిని శాంతింపజేస్తుంది, అది లేకపోతే ఆ అంచులు ఎదుటిదాన్ని పట్టుకుని గీరుకుపోతాయి. అందుకే అంతరిక్షంలో గ్రాఫైట్ కాకుండా మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటివి వాడతారు.

నగల షాపులో వజ్రం టెస్టర్ అని పెన్ను లాంటిది చూశారా? రాయికి ఆనిస్తే బీప్ మంటుంది. అది చూసేది మెరుపు కాదు, వేడి ఎంత త్వరగా లాక్కుంటుందో చూస్తుంది. వజ్రం రాగి కంటే దాదాపు అయిదు రెట్లు వేగంగా వేడిని మోస్తుంది, స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ ఒక్కటి లేకుండా. తేలికైన ఆటమ్స్, బిర్రుగా ఉన్న బంధాలు, ఒక చివర కదిలితే ఆ కదలిక క్షణంలో ఆ చివరకి వెళ్ళిపోతుంది. అమెరికన్ డైమండ్ అని అమ్మే జిర్కోనియా ఆ పరీక్షలో దొరికిపోతుంది. మోయిసనైట్ మాత్రం తప్పించుకుంటుంది, అది సిలికాన్ కార్బైడ్, వజ్రంలాగే నాలుగు చేతుల వల, అందుకని వేడి పరీక్ష ఒక్కటే చేసి డబ్బులిచ్చేయకండి.

ఇసక గురించి రెండు ముక్కలు. కార్బన్ కిందే సిలికాన్ ఉంటుంది పీరియాడిక్ టేబుల్లో, కార్బన్ డయాక్సైడ్ గ్యాస్, గడ్డకట్టించినా మైనస్ 78 డిగ్రీలకే ఆవిరైపోతుంది, సిలికాన్ డయాక్సైడ్ అంటే ఈ కృష్ణ ఇసక రవ్వ, 1,700 డిగ్రీలు. ఫార్ములా చూస్తే అన్నదమ్ముల్లా ఉన్నాయి కదా! కార్బన్ చిన్నది, ఆక్సిజన్‌తో డబుల్ బాండ్ బాగా కుదురుతుంది, రెండు ఆక్సిజన్లతో ముగిసిపోతుంది, అది మాలిక్యూల్. సిలికాన్ పెద్దది, డబుల్ బాండ్ సరిగ్గా కుదరదు, అందుకని నాలుగు ఆక్సిజన్లని ఒంటి చేత్తో పట్టుకుంటుంది, ఆ ఆక్సిజన్లు ఒక్కోటీ ఇంకో సిలికాన్‌ని, ఇక ముగింపు లేదు, వల. ఐసు కూడా ఒక వలే, కాకపోతే బలహీనమైన వల, నీటి మాలిక్యూల్స్ హైడ్రోజన్ బంధాలతో (ఒకదాని హైడ్రోజన్‌కీ పక్కదాని ఆక్సిజన్‌కీ మధ్య పట్టు) నాలుగు వైపులా దూరదూరంగా నిలబడతాయి, సాంద్రత 0.917కి పడిపోతుంది, ఫ్రీజర్లో నిండా నీళ్ళు పోసి పెట్టిన గాజు సీసా పగిలేది అందుకే.

ఏమైనా అడుగుతారా?

("వజ్రం అంత గట్టిది కదా మాస్టారూ, సుత్తితో కొడితే?")

పగులుతుంది నాయనా, దయచేసి ఇంటికెళ్ళి ప్రయత్నించకు. గీత పడకపోవడం వేరు, దెబ్బ తట్టుకోవడం వేరు. వజ్రంలో కొన్ని దిక్కుల్లో కోస్తే తెంచాల్సిన బంధాల సంఖ్య తక్కువ, ఆ దిక్కున పడిన దెబ్బకి నున్నగా చీలిపోతుంది. 3,106 క్యారెట్ల కల్లినన్ వజ్రాన్ని 1908లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆషర్ అలా దెబ్బ వేసే చీల్చాడు. ఇందాక చెప్పిన డిస్‌లొకేషన్లు వజ్రంలో మామూలు వేడి దగ్గర కదల్లేవు, బంధాలకి దిక్కులు ఖచ్చితం కాబట్టి. వంగే దారి లేదు, మిగిలింది పగలడమే.

("కుక్కర్ హ్యాండిల్ ప్లాస్టిక్కే, పాల కవరూ ప్లాస్టిక్కే. కవరు స్టవ్ దగ్గర పెడితే ముడుచుకుపోతుంది, హ్యాండిల్‌కి ఏం కాదు. ఎందుకండీ?")

అమ్మా, ఇన్ని మాటల్లో ఇదే అసలు పరీక్ష ప్రశ్న. పాల కవరు పాలిథిన్, పొడుగాటి గొలుసు మాలిక్యూల్స్ పక్కపక్కన పడి ఉంటాయి, గొలుసు లోపల గట్టి బంధమే గానీ గొలుసుకీ గొలుసుకీ మధ్య కర్పూరంలో ఉన్నలాంటి పట్టే, వేడి తగలగానే గొలుసులు జారతాయి. అందుకే దాన్ని కరిగించి మళ్ళీ ఇంకేదో చేయొచ్చు. హ్యాండిల్ బేకలైట్, బేక్‌లాండ్ అనే ఆయన 1907లో చేశాడు, అందులో గొలుసుల మధ్య కూడా కోవలెంట్ బంధాలు అడ్డంగా కట్టేసి ఉంటాయి, హ్యాండిల్ మొత్తం ఇంచుమించు ఒకే మాలిక్యూల్ అనుకోవచ్చు. అది కరగాలంటే ఆ బంధాలే తెగాలి, అవి తెగేలోపు మాడి బొగ్గవుతుంది. అందుకే హ్యాండిల్ విరిగితే కరిగించి అతికించడం కుదరదు, బజారుకెళ్ళి కొత్తది తెచ్చుకోవాల్సిందే.